కేసులు పెరిగాయంటే జబ్బు పెరిగినట్టేనా?

లైంగికంగా సంక్రమించే జబ్బులు, వైరల్ హెపటైటిస్ (వైరస్ వల్ల కాలేయానికి వచ్చే వాపు) ఎవరికి, ఏ దారిన సోకుతున్నాయో లెక్క తీయడం నా పని. వైద్యం చేయను. నా బల్ల మీద ఉండేవి ల్యాబుల నుంచి వచ్చే పట్టికలే. ఆ అంకెలు బయటికి వెళ్లాక జనం వాటిని చదువుకునే తీరు చూసే ఇది రాస్తున్నాను.

అపోహ: కేసులు రెట్టింపయ్యాయంటే జబ్బు రెట్టింపు వేగంతో పాకుతోంది.

కావచ్చు, కాకపోనూవచ్చు. పట్టికలోకి ఎక్కేది పరీక్షలో దొరికిన కేసు మాత్రమే. క్లమీడియా (లైంగికంగా సంక్రమించే ఒక బ్యాక్టీరియా జబ్బు) సోకిన ఆడవాళ్లలో ఎక్కువమందికి ఏ లక్షణమూ ఉండదు. వెతికినకొద్దీ దొరుకుతుంది, వెతకడం మానేస్తే దొరకదు. పరీక్షలు పెంచిన నెలలో గ్రాఫ్ నిటారుగా లేస్తుంది, కిట్లు అయిపోయిన నెలలో కూలిపోతుంది. నన్నడిగితే, ఆ కూలినప్పుడు చప్పట్లు కొట్టడమే ఎక్కువ ప్రమాదం. అందుకే లవం చూపించి మాట్లాడేవాళ్లను నేను ముందు హారం అడుగుతాను: ఎంతమందిని పరీక్షించారు, వాళ్లెవరు?

కొత్తగా సోకినవాళ్ల లెక్క వేరు, ఇప్పటికే ఉన్నవాళ్ల లెక్క వేరు. హెచ్‌ఐవీ మందులు వచ్చాక రోగులు ఎక్కువకాలం బతుకుతున్నారు. దాంతో కొత్తవి తగ్గుతున్నా మొత్తం పెరగవచ్చు. ఆ పెరుగుదల శుభవార్తే. హెపటైటిస్ సిలో ఇంకో చిక్కు: ఈ రోజు బయటపడిన ‘కొత్త’ కేసులో వైరస్ ఇరవై ఏళ్ల కిందటే చేరి ఉండొచ్చు.

అపోహ: హెపటైటిస్ సి పాజిటివ్ వస్తే ఒంట్లో వైరస్ ఉన్నట్టే.

మొదట చేసేది యాంటీబాడీ పరీక్ష. అది వెతికేది వైరస్‌ని కాదు, దాన్ని ఎదుర్కోవడానికి ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీని. అడుగుజాడ కనబడినంత మాత్రాన పులి ఇంకా అక్కడే ఉందనలేం. సోకినవాళ్లలో కొందరికి (15 నుంచి 45 శాతం అంటారు) ఆరు నెలల లోపు మందు లేకుండానే పోతుంది. ఇప్పటి మాత్రలతో 8 నుంచి 12 వారాల్లో 95 శాతానికి పైగా నయమవుతుంది. అయినా యాంటీబాడీ మిగులుతుంది. వైరస్ ఉందో లేదో దాని జన్యుపదార్థాన్నే వెతికి తేల్చేది ఆర్‌ఎన్‌ఏ పరీక్ష. ఈ రెండింటినీ కలిపేసి ‘ఇంతమంది రోగులు’ అని రాసిన నివేదికలు నేను చాలా చూశాను.

రక్తంలో కనబడే హెపటైటిస్ బి గుర్తులు ఇంకా ముచ్చటగా కథ చెబుతాయి. ఉపరితల యాంటీజెన్ (వైరస్ పైపొరలోని ప్రొటీన్) కనబడితే వైరస్ ఇప్పుడు ఉంది. కోర్ యాంటీబాడీ (వైరస్ లోపలి భాగాన్ని గుర్తుపట్టేది) ఉంటే ఎప్పుడో ఒకప్పుడు సోకింది. ఉపరితల యాంటీబాడీ ఒక్కటే ఉంటే సాధారణంగా అది టీకా చలవ. అయిదేళ్ల లోపు పిల్లల రక్తంలో ఇవి చూస్తే టీకా కార్యక్రమం పనిచేసిందో లేదో, ఎవరి మాటా వినక్కర్లేకుండా తెలిసిపోతుంది.

అపోహ: ఇవి తిరుగుబోతుల జబ్బులు.

ఈజిప్టు సంగతి చూడండి. 1950ల నుంచి 1980ల దాకా అక్కడ నత్తల ద్వారా వచ్చే పరాన్నజీవి జబ్బు షిస్టోసోమియాసిస్‌కి ఊళ్లకు ఊళ్లకే ఇంజెక్షన్లు ఇచ్చారు. సరిగా శుద్ధి చేయని సూదులే మళ్లీ వాడారు. దాంతో హెపటైటిస్ సి విపరీతంగా పాకింది. ఆ ఇంజెక్షన్ల కాలం నాటి వయసువాళ్లలోనే వైరస్ ఎక్కువగా ఉండటం పరిశోధకులకు ఆచూకీ ఇచ్చింది. అదే దేశం 2018లో మొదలుపెట్టి కొన్ని నెలల్లోనే సుమారు 5 కోట్లమందిని పరీక్షించి, దొరికినవాళ్లకు మందులిచ్చింది.

హెపటైటిస్ బి సంగతికొస్తే, పసికందుకు సోకితే దాదాపు 90 శాతం దీర్ఘకాలం ఉండిపోతుంది, పెద్దవాళ్లలో 5 శాతం లోపే. అందుకే పుట్టిన 24 గంటల్లోపు టీకా. తల్లి నుంచి బిడ్డకొచ్చిన జబ్బుని కూడా ‘సుఖవ్యాధి’ ఖాతాలో వేసేవాళ్లని చూస్తే, ఆ మాటను నిఘంటువులోంచే తీసేయాలనిపిస్తుంది.

లైంగిక సంబంధాల్లోనూ అసలు ప్రశ్న ‘ఎంతమందితో’ అన్నదొక్కటే కాదు. ఒకరి తర్వాత ఒకరుగా ఇద్దరు భాగస్వాములుంటే, రెండోవారి నుంచి వచ్చిన ఇన్ఫెక్షన్ మొదటివారికి చేరదు. ఒకే కాలంలో ఇద్దరూ ఉంటే అటూ ఇటూ చేరుతుంది. సంఖ్య అదే, వ్యాప్తి వేరు. ఇన్ఫెక్షన్ ఎన్నాళ్లు ఒంట్లో ఉంటుందన్నది ఇంకో లెక్క. త్వరగా వైద్యం చేస్తే కుదించగలిగేది దాన్నే.

కామెర్లు లేకపోతే హెపటైటిస్ లేదా? తప్పు. దీర్ఘకాలిక బి, సి ఏళ్ల తరబడి కళ్లు పచ్చబడకుండానే కాలేయాన్ని తినేస్తాయి. కలిసి తింటే బి, సి అంటుకుంటాయా? అంటుకోవు. కానీ రేజర్ పంచుకోవద్దు: బి వైరస్ ఒంటి బయట కనీసం 7 రోజులు బతకగలదు.

చివరిగా, మమ్మల్ని చూసి జనం జంకే విషయం: ‘భాగస్వాముల పేర్లు అడిగి రచ్చ చేస్తారు.’ పేర్లు అడిగేది వాళ్లనూ పరీక్షకు పిలవడానికే. పద్ధతి ప్రకారం అయితే, ‘మీకు సోకే అవకాశం ఉంది, పరీక్ష చేయించుకోండి’ అన్న కబురే అవతలివాళ్లకు వెళ్తుంది. ఎవరు చెప్పారన్నది చెప్పకూడదు. మీ పేరు బయటికి పొక్కుతుందేమోనని అనుమానం ఉంటే, వివరాలిచ్చే ముందే ఆ మాట సూటిగా అడగండి.