గ్లివెక్ కేసును మళ్లీ ఎందుకు తిరగేస్తున్నారు?

కేన్సర్ మందు ఏదైనా కోర్టు మెట్లెక్కిందంటే చాలు, నోవార్టిస్ కంపెనీ రక్త కేన్సర్ మందు గ్లివెక్ పేరు, దాని వెనకే ఆ మందుకు పేటెంట్ రాకుండా అడ్డుపడిన పేటెంట్ చట్టం సెక్షన్ 3(డి) పేరు బయటికొస్తాయి. నివోలుమాబ్ ఇంజెక్షన్ మీద బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్, జైడస్ కంపెనీలు ఢిల్లీ హైకోర్టులో తలపడినప్పుడూ అదే జరిగింది. ‘‘2013లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది కదా, మళ్లీ ఈ గొడవేంటి?’’ అని అడిగినవాళ్లు చాలామంది. తేల్చిన మాట నిజమే. ఏం తేల్చిందన్న దగ్గరే లెక్క తప్పుతోంది.

1970 నాటి చట్టం మందుకు కాక దాని తయారీ పద్ధతికే పేటెంట్ ఇచ్చేది. డబ్ల్యూటీవోలో చేరాక, 2005 సవరణతో మందుకే పేటెంట్ ఇవ్వాల్సి వచ్చింది. ఈ పాత కథలోంచి ఒక్క తేదీ గుర్తుంచుకుంటే చాలు. 1995 జనవరి 1. ఆ రోజు నుంచి వచ్చిన మందుల పేటెంట్ దరఖాస్తులను మన దేశం తీసుకుని పక్కన పెట్టి, 2005 నుంచి ఒక్కొక్కటిగా తెరిచి చూడాలి. అంతకుముందే కనిపెట్టి పేటెంట్ పొందిన మందుకు మాత్రం ఇక్కడ ప్రొడక్ట్ పేటెంట్, అంటే మందు మీదే హక్కు, ఉండదు. గ్లివెక్ గొడవంతా ఆ గీతకు ఇవతలా అవతలా జరిగిందే.

గ్లివెక్ లోపలి మందు ఇమాటినిబ్. క్రానిక్ మైలాయిడ్ లుకేమియా, అంటే డాక్టర్లు సీఎంఎల్ అనే రక్త కేన్సర్‌కు వాడతారు. 1960లో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫోర్డ్ ఈ రోగుల కణాల్లో పొట్టిగా తెగిపోయిన ఒక క్రోమోజోమ్‌ను చూశారు. ఆ తెగిన ముక్క ఎక్కడికి పోయిందో 1973లో షికాగోలో జానెట్ రౌలీ పట్టుకున్నారు. 9, 22 నంబరు క్రోమోజోములు ముక్కలు మార్చుకుంటున్నాయి. రెండూ అతుక్కున్నచోట బీసీఆర్, ఏబీఎల్ అనే జన్యువులు కలిసిపోయి కొత్త ప్రొటీన్ పుడుతోంది. మామూలు ఏబీఎల్ అవసరమైనప్పుడు వెలిగి ఆరిపోయే స్విచ్ లాంటిది. అతుకుపడిన ప్రొటీన్ మాత్రం ఆన్‌లోనే ఇరుక్కుపోతుంది. ‘పెరుగు, పెరుగు’ అని కణానికి అదేపనిగా చెబుతూనే ఉంటుంది.

స్విచ్‌కు కరెంటు అందేచోటే అడ్డం పడితే? బాసెల్‌లోని సిబా-గైగీలో నిక్ లైడన్ బృందం, రసాయన శాస్త్రవేత్త యుర్గ్ జిమ్మర్‌మన్ చేసింది అదే. ఆ ప్రొటీన్‌లో, కరెంటు లాంటి ఏటీపీ అనే అణువు వచ్చి కూర్చునే గుంతలో ఇమాటినిబ్ ముందే కూర్చుంటుంది. పాత తరం మందుల దారి వేరు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన బృందం నుంచి అమినాప్టెరిన్ వచ్చింది. దానితోనే 1948లో సిడ్నీ ఫార్బర్ పిల్లల లుకేమియాను కొన్నాళ్లయినా వెనక్కి నెట్టారు. అది ఫోలిక్ యాసిడ్ దారి మూసి, వేగంగా పెరిగే ప్రతి కణాన్నీ దెబ్బకొట్టే తరం మందు. ఇమాటినిబ్ తరానికి శత్రువు పేరూ ఇంటి నంబరూ తెలుసు.

1998లో ఒరెగాన్ డాక్టర్ బ్రయన్ డ్రుకర్ రోగుల మీద పరీక్షలు మొదలుపెట్టారు. 300 మిల్లీగ్రాములు, ఆపైన తీసుకున్న 54 మందిలో 53 మందికి రక్తకణాల లెక్క మామూలు స్థితికి వచ్చింది. 2001 మే 10న అమెరికా అనుమతి ఇచ్చేసింది.

ఇక్కడి నుంచి ప్రయోగశాల వదిలి ఫైళ్లలోకి వెళ్లాలి. నా లెక్కలో అసలు మలుపు సుప్రీంకోర్టు తీర్పు కాదు, ఈ ఫైళ్లే. ఇమాటినిబ్ అణువుకూ దాని లవణాలకూ జిమ్మర్‌మన్ పేరిట పెట్టిన దరఖాస్తుకు 1996 మేలో అమెరికా పేటెంట్ వచ్చింది. ఆవిష్కరణ 1995కి ముందుది. కాబట్టి భారత్‌లో దానికి దారి లేదు. 1996లోనే సిబా-గైగీ, సాండోజ్ కలిసి నోవార్టిస్ అయ్యాయి. 1998 జులైలో ఆ కంపెనీ చెన్నై పేటెంట్ ఆఫీసులో ఇంకో దరఖాస్తు వేసింది. ఈసారి అడిగింది అణువుకు కాదు. ఇమాటినిబ్ మెసిలేట్ అనే లవణం తీసుకునే ఒకానొక స్ఫటిక రూపానికి. దాన్ని బీటా రూపం అన్నారు. పంచదారను పటికబెల్లంగా కట్టించి, ఇది కొత్త తీపి అనడం లాంటిదని ప్రత్యర్థుల వాదన. పోలిక కాస్త మోటుదే. పటికబెల్లం తేమకు తట్టుకున్నట్టే బీటా రూపమూ నిల్వకు, మాత్ర కట్టడానికి మెరుగు. ఆ మేలు నిజమే.

ఆ దరఖాస్తు పెట్టెలో నిద్రపోతుండగా, 2003లో హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మా ఇమాటినిబ్‌ను వీనాట్ పేరుతో మార్కెట్లోకి తెచ్చింది. అదే ఏడాది నవంబరు 10న నోవార్టిస్‌కు ప్రత్యేక మార్కెటింగ్ హక్కు దక్కింది. పేటెంట్ తేలేదాకా తానొక్కతే అమ్ముకునే తాత్కాలిక హక్కు అది. దాన్ని పట్టుకుని కంపెనీ కోర్టులకు వెళ్లింది. మద్రాసు హైకోర్టు జెనరిక్ కంపెనీలను ఆపింది, బొంబాయి హైకోర్టు ఆపనంది. అప్పట్లో గ్లివెక్‌కు నెలకు దాదాపు 1,20,000 రూపాయలు. జెనరిక్‌కు పది వేలకు అటూ ఇటూ. సీఎంఎల్ రోగి మందు ఒక కోర్సు వేసుకుని వదిలేసేవాడు కాదు. రోజూ, ఏళ్ల తరబడి వేసుకోవాలి. నెల లెక్కను పన్నెండుతో హెచ్చవేసి చూడండి.

2005 మార్చిలో పార్లమెంటు చట్టాన్ని సవరిస్తున్నప్పుడు ఎంపీల మనసులో ఈ ధరలే ఉన్నాయి. వామపక్షాల పట్టుదలతో సెక్షన్ 3(డి)కి పదును పెట్టారు. తెలిసిన పదార్థానికి కొత్త రూపం ఇస్తే సరిపోదు, దాని సామర్థ్యం పెరిగినట్టు చూపాలి. లేకపోతే పేటెంట్ లేదు. ఆ సవరణతోనే, పేటెంట్ ఇవ్వకముందే ఎవరైనా అభ్యంతరం చెప్పుకునే వీలు కూడా నిలిచింది. 

నోవార్టిస్ దరఖాస్తు మీద ఐదు అభ్యంతరాలు పడ్డాయి. ముంబయికి చెందిన కేన్సర్ పేషెంట్స్ ఎయిడ్ అసోసియేషన్ ఒకటి వేసింది. మిగతా నాలుగూ కంపెనీలవి: నాట్కో, హెటిరో, సిప్లా, రాన్‌బాక్సీ. ఐదింటిలో రెండు హైదరాబాద్‌వి. నాట్కో ధర్మసత్రమేమీ కాదు, వ్యాపారం కోసమే వచ్చింది. రోగి బాధ, కంపెనీ లాభం ఒకే పక్కన నిలబడిన అరుదైన సందర్భం అది.

2006 జనవరి 25న చెన్నై ఆఫీసు దరఖాస్తును తోసిపుచ్చింది. నోవార్టిస్ అసలు 3(డి)యే రాజ్యాంగ విరుద్ధమంటూ మద్రాసు హైకోర్టుకు వెళ్లి 2007 ఆగస్టు 6న ఓడింది. 2009లో పేటెంట్ అప్పీళ్లు వినే అప్పిలేట్ బోర్డులోనూ పేటెంట్ రాలేదు.  చివరికి 2013 ఏప్రిల్ 1న జస్టిస్ అఫ్తాబ్ ఆలం, జస్టిస్ రంజనా ప్రకాశ్ దేశాయ్ తీర్పు చెప్పారు.

తీర్పులో అందరూ ఎత్తి చూపేది ‘సామర్థ్యం’ అన్న మాటకు కోర్టు చెప్పిన అర్థం. మందు విషయంలో సామర్థ్యమంటే రోగం నయం చేసే శక్తి. పొడి బాగా జారడం, తేమ పీల్చకపోవడం, చెడకుండా ఉండటం దాని కిందికి రావు. శరీరానికి 30 శాతం ఎక్కువగా అందుతుందని కంపెనీ చెప్పింది. అందువల్ల రోగికి చికిత్సలో ఏం ఒరిగిందో ఆధారం ఏదని కోర్టు అడిగింది.

నాకు మాత్రం అంతకన్నా ముఖ్యం అనిపించే ఘట్టం ఇంకోటి ఉంది. మెసిలేట్ లవణం జిమ్మర్‌మన్ పేటెంట్‌లో లేదు, అది వేరే ఆవిష్కరణ అని కంపెనీ వాదించింది. దాని సొంత కాగితాలే దానికి అడ్డం తిరిగాయి. 2001 జులైలో అమెరికాలో పేటెంట్ గడువు పొడిగించమని అడుగుతూ, గ్లివెక్ జిమ్మర్‌మన్ పేటెంట్ కిందికే వస్తుందని కంపెనీ రాసిచ్చింది. 2004 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో వీనాట్ అమ్మకాలు ఆపమంటూ నాట్కోకు పంపిన నోటీసుకూ ఆ పేటెంటే ఆధారం. అంటే అమెరికాలో, బ్రిటన్‌లో ‘అది మా పాత పేటెంట్‌లో ఉన్నదే’. చెన్నైలో ‘అది కొత్తది’. ఇంటికో మాట చెబితే ఏ పంచాయతీలోనైనా ఎదురయ్యే ప్రశ్నే ఇక్కడా ఎదురైంది.

నోవార్టిస్ వాదన కూడా ఉంది. భారత్‌లో తమ మందు వాడేవాళ్లలో 95 శాతం మందికి ఉచితంగానే ఇస్తున్నామంది. అంచెలంచెలుగా వచ్చే మెరుగుదలకు విలువ లేకపోతే పరిశోధన సాగదంది. మెరుగుపరిచిన మందులన్నిటికీ 3(డి) తలుపు మూసినట్టు కాదని కోర్టు కూడా స్పష్టంగానే రాసింది. అయితే అదే ఏప్రిల్‌లో ‘బ్లడ్’ పత్రికలో వందమందికి పైగా సీఎంఎల్ నిపుణులు ఒక వ్యాసం మీద సంతకాలు చేశారు. డ్రుకర్ కూడా వారిలో ఒకరు. అమెరికాలో ఇమాటినిబ్ ఏడాది ఖర్చు 2001లో దాదాపు 30,000 డాలర్లుండగా 2012కల్లా 92,000కు చేరిందని అందులో లెక్క చెప్పారు. మందు పాతబడేకొద్దీ ధర పెరిగిందన్నమాట.

ఇక తీర్పు తేల్చని విషయం. ఇమాటినిబ్ అణువు 1995కి ముందుది కాబట్టి స్ఫటిక రూపం మీద ఓడగానే చేతిలో ఏమీ మిగల్లేదు. అణువే 1995 తర్వాతిదైతే 3(డి) అక్కరకు రాదు. అసలు అణువుకే పేటెంట్ ఉంటుంది. కేన్సర్ కణం ఊరుకునే రకం కాదు. 2001లోనే చార్లెస్ సాయర్స్ బృందం చూపింది: ఏబీఎల్‌లో 315వ స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం మారితే ఇమాటినిబ్‌కు ఆ గుంతలో చోటు దొరకదు. ఇలాంటి మార్పులు వచ్చిన రోగికి మరో మందు కావాలి. కొన్నింటికి డాసాటినిబ్ పనిచేస్తుంది. 315 దగ్గరి మార్పుకు అదీ చాలదు, 2021లో అమెరికా అనుమతి పొందిన ఆసిమినిబ్ లాంటివి కావాలి. అన్నీ 1995 గీతకు ఇవతలి మందులే. డాసాటినిబ్ పేటెంట్ గడువు 2020లో తీరింది. కణంలో ఒక అక్షరం మారితే రోగి చౌక మందు నుంచి పేటెంట్ మందులోకి వచ్చిపడొచ్చు.

అక్కడ పనికొచ్చే ఆయుధం కంపల్సరీ లైసెన్స్, అంటే పేటెంట్ ఉన్న మందును వేరే కంపెనీ తయారుచేయడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి. మన దేశం ఇచ్చింది ఒక్కసారే. కాలేయ, కిడ్నీ కేన్సర్లకు వాడే బేయర్ మందు నెక్సావర్‌కు అప్పట్లో నెలకు 2,80,428 రూపాయలు. దాన్ని 8,880కి ఇస్తానన్న నాట్కోకు 2012 మార్చిలో పేటెంట్ల కంట్రోలర్ జనరల్ పి.హెచ్.కురియన్ అనుమతిచ్చారు. మందు ఎంతమందికి అందిందో తేల్చడానికి ఆయన చూసినవాటిలో బేయర్ స్వయంగా దాఖలు చేసిన ఫారం 27 లెక్కలు ఉన్నాయి. పేటెంట్‌ను దేశంలో ఎంతమేరకు వాడుతున్నారో పేటెంటుదారు చెప్పే పత్రం అది. డాసాటినిబ్ కోసం బీడీఆర్ అనే భారతీయ కంపెనీ వేసిన ఇలాంటి దరఖాస్తు మాత్రం 2013 అక్టోబరులో తిరిగొచ్చింది. పేటెంటుదారుతో ముందు సరిగా మాట్లాడుకోలేదన్నారు.

కాబట్టి గ్లివెక్‌ను ఆపింది ముందస్తు అభ్యంతరం. నెక్సావర్‌ను దించడానికి అక్కరకొచ్చింది ఫారం 27. ఇప్పుడు మళ్లీ రగులుతున్న వివాదంలో ఈ రెండూ ఉన్నాయి. 2024 మార్చి 15న వచ్చిన పేటెంట్ సవరణ నిబంధనల ప్రకారం, ఏటా ఇవ్వాల్సిన ఫారం 27 ఇకపై మూడేళ్లకోసారి ఇస్తే చాలు. దానికి ఐదు రోజుల ముందే నోవార్టిస్ సొంత దేశం స్విట్జర్లాండ్ ఉన్న యూరప్ దేశాల కూటమి ఈఎఫ్‌టీఏతో వాణిజ్య ఒప్పందం మీద సంతకాలయ్యాయి. పసలేని అభ్యంతరాలతో పేటెంట్లు ఏళ్ల తరబడి నానకుండా ఈ మార్పులన్నది వాటిని సమర్థించేవాళ్ల మాట. రోగుల సంఘాలు మాత్రం రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టి చూస్తున్నాయి.

ముంబయి సంఘం నాడు వేసిన అభ్యంతరానికి ఫీజు లేదు. 2024 నిబంధనల ప్రకారం అదే కాగితం ఇవాళ పట్టుకెళ్తే ముందు ఫీజు కట్టాలి. ఆ తర్వాత అది విచారణకు తగునో కాదో కంట్రోలర్ తేల్చాలి. తగునన్నాకే కంపెనీకి నోటీసు వెళ్తుంది.