పిల్లికూతలన్నీ ఉబ్బసం కావు

రెండేళ్ల బిడ్డకు జలుబు చేస్తుంది. మర్నాటి రాత్రికి దగ్గు పట్టుకుంటుంది. ఆ తర్వాత ఊపిరి వదిలినప్పుడల్లా ఛాతీలోంచి సన్నగా కూత వినిపిస్తుంది. ఇలా మూడోసారో నాలుగోసారో అయ్యేసరికి ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. ఇది ఉబ్బసమా? పెద్దయితే తగ్గిపోతుందా?

చాలామందికి తగ్గిపోతుంది. ఈ మాట ధైర్యం చెప్పడానికి అంటున్నది కాదు, దీని వెనక గట్టి ఆధారం ఉంది. అమెరికాలోని టూసాన్ నగరంలో 1980లో ఒక పెద్ద అధ్యయనం మొదలైంది. అందులో 1,246 మంది పసిపిల్లల్ని పుట్టినప్పుడే చేర్చుకుని, ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చారు. ఫెర్నాండో మార్టినెజ్ బృందం 1995లో ఆ ఫలితాలు ప్రచురించింది. ఆరేళ్లు నిండేలోపు దాదాపు సగం మందికి ఎప్పుడో ఒకసారి పిల్లికూతలు వచ్చాయి. అయితే మూడేళ్లలోపు కూతలు వచ్చిన పిల్లల్లో సుమారు 60 శాతం మందికి ఆరో ఏటికల్లా అవి ఆగిపోయాయి.

పసివాళ్లకే ఇంత ఎక్కువగా ఎందుకొస్తాయి? వాళ్ల గాలిగొట్టాలు మరీ సన్నవి కాబట్టి. 8 మిల్లీమీటర్ల వెడల్పున్న గొట్టంలో చుట్టూ 1 మిల్లీమీటరు వాపు వస్తే, గాలికి అడ్డు మూడు రెట్లు పెరుగుతుంది. 4 మిల్లీమీటర్ల గొట్టంలో అంతే వాపు వస్తే పదహారు రెట్లు పెరుగుతుంది. పెద్దవాళ్లకు ముక్కు కారడంతో పోయే వైరస్ పసిబిడ్డకు డొక్కలెగరేసేంత ఆయాసం తెప్పించేది ఇందుకే. కొందరు పిల్లలు పుట్టుకతోనే ఇంకా సన్నని గొట్టాలతో వస్తారు. గర్భంతో ఉన్నప్పుడు తల్లి పొగతాగితే ఆ అవకాశం మరింత ఎక్కువ. ఒళ్లు ఎదిగేకొద్దీ గొట్టాలూ వెడల్పవుతాయి, కూతలు వాటంతటవే పోతాయి.

మరి ఎవరికి పోవు? ఇక్కడే అలర్జీ సంగతి వస్తుంది. టూసాన్ పిల్లల వివరాలతోనే 2000లో ఒక సూచిక తయారుచేశారు. మూడేళ్లలోపు తరచూ కూతలు వచ్చే బిడ్డకు ఎగ్జిమా అనే దురద చర్మవ్యాధి ఉందా, అమ్మకో నాన్నకో ఉబ్బసం ఉందా అన్నవి అందులో ముఖ్యమైన ప్రశ్నలు. జలుబు లేకపోయినా కూతలు వస్తున్నాయా, అలర్జీతో ముక్కు కారుతోందా, రక్తంలో ఇయోసినోఫిల్ అనే, అలర్జీలో పెరిగే తెల్లకణాలు ఎక్కువగా ఉన్నాయా అన్నవి తర్వాతివి. ఐదేళ్లలోపు పిల్లల చేత గట్టిగా ఊదించి ఊపిరితిత్తుల్ని పరీక్షించడం కష్టం. అందుకే డాక్టరు పరీక్షలకన్నా ముందు ఈ ప్రశ్నలే అడుగుతారు.

ఊపిరి గురించి అడగాల్సినచోట చర్మం గురించి ఎందుకు? ఎగ్జిమా ఉన్న చర్మం ఎండి, పగిలి ఉంటుంది. ఆ పగుళ్లలోంచి దుమ్ముపురుగుల మలం, పుప్పొడి, ఆహారంలోని ప్రోటీన్లు లోపలికి చేరతాయి. నోటిద్వారా వెళ్లినవాటిని ఒంటికి మామూలు విషయంగా తీసుకునే రోగనిరోధక వ్యవస్థ, చర్మం చీల్చుకుని వచ్చినవాటిని శత్రువుగా గుర్తుపెట్టుకునే అవకాశం ఎక్కువ. వాటిమీద ఐజీఈ అనే యాంటీబాడీలు తయారై, మాస్ట్ కణాలనే రోగనిరోధక కణాలకు అతుక్కుని కాచుకుని ఉంటాయి. మళ్లీ అదే దుమ్ము ముక్కులోకో ఛాతీలోకో చేరగానే ఆ కణాలు హిస్టమిన్ వంటి రసాయనాలు వదులుతాయి. గొట్టం లోపొర వాస్తుంది, చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది, కఫం పెరుగుతుంది. దానికి మామూలు జలుబు వైరస్ తోడైతే రెండూ కలిసి చేసే నష్టం ఎక్కువ.

అలర్జీ ఏ వయసులో మొదలైందన్నది కూడా ముఖ్యమే. 1990లో పుట్టిన జర్మన్ పిల్లల్ని గమనించినప్పుడు, ఇంట్లో ఏడాది పొడవునా ఉండే దుమ్ముపురుగుల వంటివాటికి మూడేళ్లలోపే అలర్జీ ఏర్పడిన పిల్లల్లో, బడి వయసు వచ్చేసరికి ఊపిరితిత్తుల సామర్థ్యం తగ్గి కనిపించింది.

ముందే ఇన్‌హేలర్ స్టెరాయిడ్ మొదలుపెడితే జబ్బు దారి మారుతుందా? ఆ ఆశతోనే అమెరికాలో రెండుమూడేళ్ల వయసున్న, ఉబ్బసం ముప్పు ఎక్కువగా ఉన్న 285 మందిని తీసుకుని, కొందరికి రెండేళ్లపాటు ఆ మందు ఇచ్చారు. వాడినన్నాళ్లూ ఆయాసం బాగా తగ్గింది. ఆపేశాక తేడా నిలవలేదు. 2006లో వచ్చిన ఈ ఫలితం నిరాశ కలిగించేదే. కానీ దీన్ని పట్టుకుని మందు మానేయడం పొరపాటు. బిడ్డ హాయిగా నిద్రపోవడం, ఆడుకోవడం, ఆస్పత్రి పాలు కాకుండా ఉండటం చిన్న విషయాలు కావు. ఇన్‌హేలర్ అలవాటైపోతుందన్న భయానికి ఆధారం లేదు. ఎత్తు కాస్త తగ్గుతుందన్నది నిజమే, ఆ తేడా సాధారణంగా ఒక సెంటీమీటరు దగ్గర్లో ఉంటుంది. ఇన్‌హేలర్‌కు తగిలించే స్పేసర్ అనే గొట్టానికి మాస్క్ పెట్టి, అది ముఖానికి గాలి పోకుండా ఆనేలా పట్టుకుని ఇవ్వాలి. ఏడుస్తున్నప్పుడు ఇస్తే మందు లోపలికి సరిగా వెళ్లదు. బిడ్డ ఊపిరికి డొక్కలు లోపలికి పోతున్నా, పెదాలు నీలంగా మారినా, మాట్లాడలేక, పాలు తాగలేకపోతున్నా ఆ క్షణమే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

తగ్గిందనుకున్నది తిరిగి రావచ్చు కూడా. న్యూజిలాండ్‌లోని డనీడిన్‌లో 1972-73లో పుట్టినవాళ్లను 26 ఏళ్ల వయసు వరకూ గమనిస్తే, సుమారు ఎనిమిది మందిలో ఒకరికి కూతలు ఆగిపోయి మళ్లీ మొదలయ్యాయి. దుమ్ముపురుగుల అలర్జీ ఉన్నవాళ్లలో, పొగతాగేవాళ్లలో ఉబ్బసం వదలకుండా ఉండటమో తిరగబెట్టడమో ఎక్కువగా కనిపించింది. కాబట్టి చిన్నప్పుడు అలర్జీ బయటపడిన పిల్లలు, కూతలు ఆగి ఏళ్లు గడిచాక కూడా, పరుగెత్తితే తోటివాళ్లకన్నా ముందే ఆయాసపడుతున్నా, రాత్రిళ్లు దగ్గుతో లేస్తున్నా మళ్లీ డాక్టరుకు చూపించండి.