నిన్న నడిచిన కాలు ఈరోజు ఎందుకు మొరాయిస్తుంది? మోకీలు మార్పిడి తర్వాత అపోహలు - వాస్తవాలు

పొద్దున్నే ఆరు గంటలకు నాకు ఫోను వచ్చిందంటే విషయం దాదాపు ఒకటే. "నిన్న హాలంతా నాలుగుసార్లు తిరిగాను బాబూ, ఈరోజు లేచేసరికి మోకాలు రాయిలా ఉంది. లోపల ఏదైనా కదిలిందంటావా?"

ఫిజియోథెరపిస్టుగా పదిహేడేళ్లుగా ఇళ్లకు వెళ్లి కొత్త మోకాళ్లకు వ్యాయామాలు చేయిస్తున్నాను. ఆపరేషన్ గురించి సర్జన్ బొమ్మ గీసి మరీ చెబుతారు. ఇంటికి వచ్చాక గడవాల్సిన మూడు నెలల గురించి మాత్రం పలకరించడానికి వచ్చే చుట్టాలు చెబుతారు. నేను వినే అపోహల్లో చాలావరకు పుట్టేది అక్కడే.

అపోహ: ఆపరేషన్ సరిగా జరిగితే రోజురోజుకూ మెరుగవ్వాలి. ఒక్కరోజు వెనక్కి వెళ్లినా ఏదో తేడా జరిగినట్టే.

వాస్తవం: మొదటి వెనకడుగు ఆసుపత్రిలోనే పడుతుంది. ఆపరేషన్ రోజు సాయంత్రం చాలామంది నవ్వుతూ మాట్లాడతారు, "ఇంతేనా, అనవసరంగా భయపడ్డాను" అంటారు. కాలికి ఇచ్చిన మత్తు అప్పటికింకా దిగి ఉండదు. ఒకటి రెండు రోజుల్లో అది దిగాక నొప్పి ఒక్కసారిగా తెలుస్తుంది. దాన్ని మేం ముందే చెప్పి ఉంచకపోతే ఆ రాత్రి మనిషి బెంబేలెత్తిపోతారు.

ఇంటికి వచ్చాక పడే వెనకడుగులు వేరు. ఒక విశ్రాంత తెలుగు టీచరుగారి ఇల్లు గుర్తొస్తోంది. వయసు 67, కుడి మోకాలు. నేను వెళ్లిన ప్రతిసారీ మోకాలు ఎన్ని డిగ్రీలు వంగుతోందో కోణమానితో కొలిచి, వంటింటి గోడకున్న క్యాలెండర్ గడిలో రాసేవాణ్ణి. 62, 70, 74, 81, 85. ఆమెకు అవి పరీక్ష మార్కులే. 26వ రోజున 78 వచ్చింది. "ఫెయిలయ్యానా?" అన్నారు, నవ్వు లేకుండా. టేపుతో మోకాలి చిప్ప మీదుగా చుట్టుకొలత తీశాను. మూడు రోజుల కిందటికంటే రెండు సెంటీమీటర్లు ఎక్కువ. నిన్న ఏం చేశారని అడిగితే, "ఏమీ చేయలేదు, కుర్చీలో కూర్చున్నానంతే" అన్నారు. ఎక్కడి కుర్చీ అని అడిగాక అసలు సంగతి బయటపడింది. ఫంక్షన్ హాల్లో పెళ్లి. కాళ్లు కిందికి పెట్టుకుని నాలుగు గంటలు కూర్చున్నారు.

కాలిలోకి దిగిన నీరు పైకి రావాలంటే పిక్క కండరాలు కదులుతూ దాన్ని తోయాలి. కదలకుండా కూర్చుంటే ఆ పని ఆగిపోతుంది, సాయంత్రానికి మోకాలు, చీలమండ వాస్తాయి. ఇక మోకీలు లోపల నీరు చేరినప్పుడు తొడ ముందు కండరానికి అందే నాడీ సంకేతాలు తగ్గిపోతాయి. ఆపరేషన్ తర్వాత మొదటి నెలలో ఆ కండరం ఎలాగూ తన బలంలో సగం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే కోల్పోయి ఉంటుంది. పైగా వాపు. అందుకే అలాంటి రోజున "కాలు నా మాట వినడం లేదు" అంటారు. టీచరుగారు సాధించిన వంపు ఎక్కడికీ పోలేదు, వాపు అడ్డుపడిందంతే. రెండు రోజులపాటు పడుకున్నప్పుడల్లా కాలు గుండెకన్నా ఎత్తులో ఉంచాం. ఐసును పలుచని గుడ్డలో చుట్టి, రోజుకు నాలుగైదుసార్లు, సారికి పావుగంట పెట్టించాం. మూడో రోజుకు 84.

ఏది మామూలు నొప్పి, ఏది అతి అన్నది తేల్చుకోవడానికి నేను చెప్పే లెక్క ఒకటే. వ్యాయామం చేశాక నొప్పి పెరగవచ్చు. మర్నాడు పొద్దున్నకు అది నిన్నటి స్థాయికి దిగిందా లేదా చూసుకోండి. దిగితే మోతాదు సరిపోయింది. దిగకపోతే ఆ రోజు సగమే చేయండి, పూర్తిగా మాత్రం మానేయకండి. పోల్చుకోవడం కూడా నిన్నటితో కాదు, పోయిన వారం ఇదే రోజుతో. సోమవారం నుంచి మంగళవారానికి తగ్గిన అంకె, సోమవారం నుంచి సోమవారానికి చూస్తే తరచూ పెరిగే ఉంటుంది.

అపోహ: లోపల సిమెంటు వేశారు కదా, గట్టిపడేదాకా కదిలించకూడదు.

వాస్తవం: ఈ అనుమానం ఎక్కువగా ఇళ్లు కట్టించినవాళ్లకు వస్తుంది. స్లాబుకు రోజుల తరబడి నీళ్లు పట్టినట్టు దీనికీ గడువు ఉంటుందనుకుంటారు. ఎముక సిమెంటు వేరే పదార్థం. ఆపరేషన్ బల్ల మీదే పది పదిహేను నిమిషాల్లో గట్టిపడిపోతుంది. అందుకే అదే రోజో మర్నాడో మిమ్మల్ని నిలబెట్టగలుగుతున్నాం. నాలుగు అడుగులు ఎక్కువ వేసినంత మాత్రాన లోపలి భాగాలు ఊడిరావు. అరిగిపోతుందని పొదుపుగా వాడుకోవాల్సిన పని కూడా లేదు. పూర్తి మోకీలు మార్పిడి చేసిన కీళ్లలో దాదాపు 82 శాతం 25 ఏళ్ల తర్వాత కూడా పనిచేస్తూనే ఉన్నట్టు 2019లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ చెప్పింది.

అపోహ: ఎంత ఏడిపిస్తే అంత వంగుతుంది.

వాస్తవం: ఈ విషయంలో తప్పు మా వృత్తిది కూడా. చేరిన కొత్తలో నేనూ రోగిని బోర్లా పడుకోబెట్టి, చీలమండ పట్టుకుని బలమంతా పెట్టి వంచినవాణ్ణే. ఆ పూట పది డిగ్రీలు ఎక్కువ వచ్చేది. మర్నాడు మోకాలు గుమ్మడికాయంత వాచి, వచ్చిన పదీ పోగా ఇంకో ఐదు పోయేవి. రోగి నన్ను చూడగానే కండరాలు బిగబట్టేవారు. ఇప్పుడు రోగి తన కాలిని తానే వంచుకుంటారు. కుర్చీలో కూర్చుని పాదాన్ని నేల మీద వెనక్కి జార్చి, ఇక చాలు అనిపించిన చోట పది లెక్కపెట్టి, ఇంకొంచెం జార్చడం. లాగుతున్న నొప్పి ఉంటుంది, ఉండాలి కూడా. పళ్లు బిగబట్టి ఊపిరి ఆపుకోవాల్సి వస్తే అది అతి.

అలాగని బతిమాలుతూ కూర్చునే వ్యవహారం కూడా కాదిది. సమతలంగా ఉన్న నేల మీద నడవడానికి 65-70 డిగ్రీలు చాలు. మెట్లకు 90 దాకా, ఎత్తు తక్కువ కుర్చీలోంచి లేవడానికి 100 పైన కావాలి. ఆరు వారాలు దాటినా 90కి చేరకపోతే "అదే వస్తుందిలే" అనుకోకుండా సర్జన్‌కు చూపించాలి. మత్తు ఇచ్చి మోకాలిని వంచే పద్ధతి ఒకటుంది. అది మొదటి మూడు నెలల్లోపు అయితేనే బాగా పనిచేస్తుంది.

అపోహ: వంగితే చాలు.

వాస్తవం: "ఎంత వంగింది?" అని అడగని చుట్టం లేడు. "తిన్నగా చాచగలుగుతున్నారా?" అని అడిగిన చుట్టాన్ని ఇంతవరకు చూడలేదు. మోకాలు పూర్తిగా చాచలేకపోతే నడకలో కుంటు మిగిలిపోతుంది, తొడ కండరానికి నిలబడినంతసేపూ విశ్రాంతి ఉండదు. దీనికి మొదటి శత్రువు మోకాలి కింద పెట్టే దిండు. హాయిగా ఉంటుంది, నిజమే. ఆ హాయిలోనే మోకాలు కాస్త వంగిన స్థితిలో బిగుసుకుపోతుంది. దిండు తీసేసి, చుట్ట చుట్టిన తువ్వాలును మడమ కింద పెట్టండి. మోకాలు దాని బరువుతో అదే కిందికి దిగుతుంది. ఐదు నిమిషాలతో మొదలుపెట్టండి.

అపోహ: పప్పు తింటే కుట్లు చీము పడతాయి. వాపు పెరిగిందంటే తిండిలో ఏదో తేడా చేసింది.

వాస్తవం: మన ఇళ్లలో ఇంతకన్నా మొండి నమ్మకం లేదు. పప్పు, గుడ్డు, మాంసం, వంకాయ అన్నీ బంద్. పాలన్నం, చారన్నం మీద నెల గడిపినవాళ్లను చూశాను. గాయం మానడానికి, కరిగిన కండ తిరిగి రావడానికి కావాల్సింది మాంసకృత్తులు. సరిగ్గా వాటినే పళ్లెంలోంచి తీసేస్తున్నాం. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల. అదుపులో లేని మధుమేహం, పొగ తాగడం ఆ ప్రమాదాన్ని పెంచుతాయి. కందిపప్పుకు అందులో పాత్ర లేదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం మాంసకృత్తులు ఎంత తినాలో తమ డాక్టరును అడగాలి.

పథ్యం తర్వాత వచ్చేది కాపడం. కొత్తగా కోసిన కీలు మీద వేడి పెడితే అక్కడికి రక్తం ఇంకా చేరి వాపు పెరుగుతుంది. ఇంకో ప్రమాదం చాలామందికి తెలియదు. కోత పెట్టినప్పుడు చర్మానికి వెళ్లే ఒక సన్నని నాడీ శాఖ తెగడం వల్ల కుట్ల బయటి వైపు చర్మం మొద్దుబారి ఉంటుంది. అక్కడ వేడినీళ్ల సంచి పెడితే కాలినా తెలియదు. బొబ్బలెక్కాక నాకు ఫోను చేసినవాళ్లు ఇద్దరున్నారు. ఐసు విషయంలోనూ అందుకే మధ్యలో గుడ్డ ఉండాలి.

ఆ మొద్దుబారడం నెలల తరబడి ఉండి నెమ్మదిగా చిన్నదవుతుంది, కొంత మేర అలాగే మిగిలిపోవచ్చు. మోకాలు తడిమితే వెచ్చగా ఉండటం, నడుస్తుంటే టక్ టక్‌మని శబ్దం, కమిలిన రంగు చీలమండ దాకా దిగడం కూడా మామూలే. సాయంత్రానికి తేలే వాపు ఆరు నెలల దాకా, కొందరిలో ఏడాది దాకా కనిపిస్తుంది.

అపోహ: నొప్పి మాత్రలు ఎంత తొందరగా మానేస్తే అంత మంచిది.

వాస్తవం: మాత్ర మానేసి వ్యాయామం కూడా మానేసేవాళ్లే ఎక్కువ. రాసిచ్చిన మాత్రను వ్యాయామానికి అరగంట, ముప్పావుగంట ముందు వేసుకోండి. ఆ పని సులువవుతుంది. మానడం సర్జన్ చెప్పినట్టు మెల్లగా జరగాలి. మాత్రలతో కిడ్నీలు పాడవుతాయన్న భయం పూర్తిగా ఉత్తది కూడా కాదు. కొన్ని రకాల నొప్పి మాత్రలు కిడ్నీ జబ్బు, బీపీ, కడుపులో పుండు ఉన్నవాళ్లకు పడవు. అందుకే మందుల షాపులో అడిగి అదనంగా కొనుక్కోవద్దు. వేర్వేరు పేర్లున్న రెండు పట్టీలు చూపించి రెండూ వాడుతున్నామంటారు, తీరా చూస్తే రెండింట్లోనూ పారాసెటమాలే. ట్రమడాల్ లాంటి గట్టి నొప్పి మాత్రలు వాడేటప్పుడు మలబద్ధకం, తల తిప్పడం ఉంటాయి. అది ముందే చెబితే సగం గాభరా తగ్గుతుంది.

అపోహ: ఇంత ఖర్చుపెట్టి చేయించుకుని ఏడవడమేమిటి? ధైర్యం లేనివాళ్లే అలా చేస్తారు.

వాస్తవం: మూడో వారం గురించి ఇంట్లో అందరికీ ముందే చెబుతాను. ఆపరేషన్‌కని అమెరికా నుంచి వచ్చిన కొడుకు సెలవు అయిపోయి పదిహేనో రోజుకల్లా విమానం ఎక్కేస్తాడు. పళ్ల సంచులతో వచ్చేవాళ్లు తగ్గిపోతారు. సరిగ్గా అప్పుడే మాత్రల మోతాదు తగ్గుతుంది, ఇంటి పని మళ్లీ మీద పడుతుంది. రాత్రి ఏ పక్కకు తిరిగినా నిద్ర పట్టదు. ఆ నిద్రలేమి ఆరు నుంచి పన్నెండు వారాల దాకా చాలామందిని పీడిస్తుంది. రెండు మోకాళ్లూ ఒకేసారి చేయించుకున్నవాళ్లలో రక్తం కూడా తగ్గి ఉంటుంది, దాంతో నీరసం. ఇన్ని ఒక్కచోట చేరితే ఎంత గట్టి మనిషికైనా "ఎందుకు చేయించుకున్నానా" అనిపించకుండా ఎలా ఉంటుంది? దానికి నా దగ్గర గొప్ప మందేమీ లేదు. పగటి కునుకు అరగంట దాటకుండా చూడమంటాను. సాయంత్రం కాసేపు వీధి గుమ్మం దగ్గర కూర్చోబెట్టమంటాను. స్నానం తానే చేయడం, కాఫీ తానే కలుపుకోవడం లాంటి ఒక పని తిరిగి వాళ్ల చేతికే ఇమ్మంటాను. దిగులు రెండు వారాలు దాటినా వదలకపోతే, తిండి మీద ధ్యాస పోతే, బతకడం ఎందుకన్న మాట వస్తే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చెప్పాలి. ఆ చివరి మాట వినబడిన రోజైతే మనిషిని ఒంటరిగా వదలకండి.

అపోహ: పక్కింటావిడ 20 రోజులకే గుడికి నడిచింది.

వాస్తవం: నడిచే ఉంటుంది. ఆపరేషన్‌కు ముందు ఆవిడ మోకాలు ఎంత వంగేదో అడిగారా? ముందు బాగా వంగిన మోకాలే తర్వాతా బాగా వంగుతుంది. పదేళ్లు వంకర కాలితో ఈడ్చుకొచ్చినవారికీ, రెండేళ్ల నొప్పికే వెళ్లినవారికీ పోటీ పెట్టలేం. ఒకే మనిషి రెండు మోకాళ్లే తోటికోడళ్లలా తలో దారి పడతాయి.

అపోహ: ఒడుదొడుకులన్నీ మామూలే, ఓర్చుకుంటే సరి.

వాస్తవం: ఇదివరకటి అపోహలన్నిటికన్నా దీనికే నేను భయపడతాను. పిక్కలో కొత్తగా నొప్పి, బిగువు, ఒకే కాలికి హఠాత్తుగా వాపు వస్తే సిరలో రక్తం గడ్డకట్టిందేమో అదే రోజు చూపించుకోవాలి. ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే 108కి ఫోను చేయాలి. కుట్ల నుంచి రసి కారడం, ఎరుపు పాకడం, చలిజ్వరం, తగ్గుతూ వచ్చిన నొప్పి మళ్లీ రోజురోజుకూ పెరగడం ఇన్ఫెక్షన్ గుర్తులు కావచ్చు. పడిపోయాక కాలు తిన్నగా పైకెత్తలేకపోతే కండరం తాలూకు పట్టీ తెగి ఉండవచ్చు. వీటికి ఫోటో తీసి వాట్సాప్‌లో నాకు పంపడం పనికిరాదు, సర్జన్ దగ్గరికే వెళ్లాలి.

అన్నీ సవ్యంగా జరిగినా ఇంచుమించు ఐదుగురిలో ఒకరు తమ కొత్త మోకాలితో పూర్తిగా తృప్తి చెందరు. మూడు నెలలు దాటినా గట్టి నొప్పి ఉందంటే "మీ మనసులోనే ఉంది" అని పంపేయడం అన్యాయం. ఇన్ఫెక్షన్, కీలు వదులవడం, తుంటి నుంచో నడుము నుంచో పాకే నొప్పి, అన్నీ వరసగా చూడాలి.

టీచరుగారి మోకాలు పద్నాలుగో వారానికి 112 దాకా వచ్చింది. చివరిసారి వెళ్లినప్పుడు పాత నెలల కాగితాలు వెనక్కి తిప్పి చూశాను. నేను రాసిన ప్రతి అంకె కింద ఎర్ర సిరాతో ఆమె దస్తూరీ. 81 కింద "రాత్రి బాగా నిద్ర". 78 కింద "పెళ్లి. 4 గంటలు కుర్చీ". ఇంకోచోట అంకె బాగా తగ్గి ఉంది, దాని కింద: "మాగాయకు ముక్కలు కోశాను. బాబుకు చెప్పలేదు."