కప్పు లేని స్టేజీ

పిల్లలూ,

మొన్న సెలవులకొచ్చినప్పుడు రామాలయం పక్క సిమెంటు అరుగెక్కి గెంతుతూ "తాతయ్యా, దీనికి గోడలూ కప్పూ ఎప్పుడు కడతారు?" అన్నారు. కట్టరర్రా. మన గుంటూరు, కృష్ణా వైపు చాలా ఊళ్లలో నాటకాల స్టేజీ అంటే అంతే. ముందు ఖాళీ జాగా, పైన ఆకాశం.

కప్పు లేదు గనక వానాకాలంలో నాటకం ఉండదు. కోతలయి, చేతిలో నాలుగు డబ్బులాడాక చందాలు వేసుకుని ఏ శివరాత్రికో, శ్రీరామనవమికో ఆడిస్తారు. గోడలు లేవు గనక గొంతు ఆరుబయట నిలబడాలి. మైకులు లేని రోజుల్లో ఆఖరి వరసలో గోనెపట్టా మీద కూర్చున్న ముసలమ్మకీ వినబడాలిగా! అందుకే పద్యం పై శ్రుతిలో ఎత్తుకుని, చివర రాగం గుక్క తిప్పుకోకుండా లాగేవారు. మైకులొచ్చినా ఆ అలవాటు పోలేదు. మంచిదే అయింది. రాగం తీయని పద్యం నాకు ఉప్పులేని పప్పే.

ఎక్కువగా ఆడేది తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు. జనం నోట అది 'రాయబారం'. కృష్ణుడు కౌరవ సభకొచ్చేసరికి అర్ధరాత్రి దాటేది, నిద్రపోతున్న మమ్మల్ని తట్టి లేపేవారు. పద్యం నచ్చిందా, "వన్స్‌మోర్!" అని కేకలు. దుర్యోధనుడు కోపం కాసేపు పక్కనపెట్టి మళ్లీ మొదట్నుంచీ అందుకోవాల్సిందే. ఇంతలో ఎవరో స్టేజీ ఎక్కి కృష్ణుడికి పది రూపాయల నోటు గుచ్చుతారు. ఫలానా వారి చదివింపులని మైకులో చెప్పేదాకా యుద్ధం ఆగాలి. పట్నం వాళ్లకిది గోలగా ఉంటుంది. చందా ఇచ్చిన ఊరికి ఆ మాత్రం చనువుండదూ!

అన్నట్టు, ఒక్క రాత్రికి ఇద్దరు ముగ్గురు కృష్ణులుంటారు. తెల్లవార్లూ ఒక్క గొంతే పాడలేదు గనక సీన్లు పంచుకుంటారు. ఒకటో కృష్ణుడు గొప్పా, రెండో కృష్ణుడు గొప్పా అని మర్నాడు టీ కొట్టు దగ్గర పంచాయితీ. ఆ పంచాయితీలో పెద్దవాళ్లు చివరికి ఈలపాట రఘురామయ్య గారి దగ్గర తేలేవారు. కృష్ణుడి వేషానికి ఆయన పెట్టింది పేరు. నోట్లో వేలు పెట్టి పద్యాన్ని ఈలలోనే పలికించేవారు. 1975లో పద్మశ్రీ ఇచ్చారు.

ఈ శివరాత్రికి వస్తే సాయంత్రమే చాప పరిచి జాగా పట్టుకోండి. మధ్యాహ్నం కాస్త కునుకు తీయండి. మీ నాయనమ్మ మాత్రం ఎవర్నీ లేపదు.

మీ తాతయ్య