టీ హోటల్లో రెండు రకాల గ్లాసులు

చిరంజీవులకు,

తాతయ్య ఆశీస్సులు. డిగ్రీలో సోషియాలజీ తీసుకున్నారని, సమాజాన్ని చూసే మూడు దృక్పథాలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి టెన్షన్‌గా ఉందని రాశారు. నిర్వచనాలు బట్టీ పడితే ఎవరికైనా అంతే. నేను చిన్నప్పుడు చూసిన ఒక టీ హోటల్ సంగతి చెప్తాను, వినండి.

1960లలో మా ఊళ్ళో ఒక తాటాకు పాక హోటల్ ఉండేది. లోపల బల్లల మీద కూర్చునేవాళ్ళకి ఒక రకం గ్లాసులు. మాలపల్లె, మాదిగపల్లె నుంచి వచ్చేవాళ్ళకి బయట చూరు కింద వేరే గ్లాసులు. వాళ్ళు నిలబడే తాగాలి, తాగాక తామే కడిగి బోర్లించాలి. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని 1950లోనే రద్దు చేసింది. 1955లో దానికి శిక్ష వేసే చట్టం కూడా వచ్చింది. అయినా ఆ గ్లాసులు అక్కడి నుంచి కదల్లేదు. బోర్డు లేదు, ఎవరూ గదమాయించలేదు. రాసి పెట్టకపోయినా అందరూ పాటించే ఇలాంటి దాన్నే మీ పుస్తకంలో కట్టుబాటు అంటారు. బడిలో నా పక్కనే కూర్చునే స్నేహితుడు ఎనిమిదేళ్ళకే తనంతట తాను చూరు కిందికి వెళ్ళేవాడు. నేను లోపలికి వెళ్ళేవాణ్ణి. మాకెవరూ పాఠం చెప్పలేదు, పెద్దవాళ్ళని చూసి నేర్చుకున్నాం. సామాజీకరణ అంటే అదే.

హోటలాయన మంచి మనిషే. కానీ ఆయన అందరికీ ఒకే గ్లాసులో పోసి ఉంటే మర్నాటి నుంచి లోపలి బల్లలు ఖాళీ అయ్యేవి. మనిషికి బయట ఉండి, అతన్ని ఒత్తిడి చేసే ఇలాంటి శక్తికి ఫ్రెంచి పండితుడు డర్క్‌హైమ్ 1895లో వచ్చిన తన పుస్తకంలో 'సామాజిక వాస్తవం' అని పేరు పెట్టాడు. తప్పంతా ఒక మనిషి గుణం మీదికి నెట్టేసి ఊరుకోకూడదని నాకు అర్థమైంది ఇక్కడే.

ఇప్పుడు మీ మూడు దృక్పథాలు. సమాజంలో ప్రతి పద్ధతికీ ఏదో ఒక పని ఉంటుందని నమ్మేవాడు ప్రకార్యవాది. అతను ఆ హోటల్ చూస్తే, ఈ పద్ధతి ఊరి క్రమాన్ని ఎలా నిలబెడుతోంది అని అడుగుతాడు. అడగాల్సిన ప్రశ్నే, కానీ నాకు అది చాలదు. ఆ క్రమం ఎవరి నడుం మీద నిలబడింది? మార్క్స్ దారిలో నడిచే సంఘర్షణ దృక్పథం అడిగేది ఈ ప్రశ్ననే. నా స్నేహితుడి నాన్న మా పొలంలోనే పాలేరు. భూమి మాది, చాకిరీ వాళ్ళది. కూలి పెంచమని గట్టిగా అడగలేని మనిషి గ్లాసు మార్చమని ఎలా అడుగుతాడు? అయితే అంతా భూమితోనే తేలదు. కులం లోపలే పెళ్ళిళ్ళు జరగడమే కులానికి ప్రాణమని అంబేద్కర్ 1916లోనే, కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన వ్యాసంలో చెప్పారు. అప్పటికి ఆయన వయసు పాతికేళ్ళు. ఆ వ్యాసం తప్పకుండా చదవండి.

మూడోది ప్రతీకాత్మక పరస్పర చర్యావాదం. పేరు చూసి భయపడకండి. గాజుకి కులం లేదు, దానికి అర్థం ఇచ్చింది మనుషులు. రోజూ ఆ గ్లాసు అందుకునేటప్పుడు నా స్నేహితుడికి తన గురించి తనకి ఏం తెలిసి వచ్చేదో ఈ దృక్పథం పట్టించుకుంటుంది.

ఇవన్నీ విదేశీ సిద్ధాంతాలు అనుకోకండి. హైదరాబాదు దగ్గరి శామీర్‌పేటను మన దేశపు సామాజిక శాస్త్రవేత్త ఎస్.సి. దూబే బృందం దగ్గరుండి చూసి రాసిన గ్రంథం 1955లోనే వచ్చింది.

మీ ఉత్తరం చదివిన రోజు మన వంటింట్లో అల్మరా అడుగున, మిగతా వాటికి దూరంగా ఒక స్టీలు కప్పు కనిపించింది. మీ నాయనమ్మని అడిగితే "అది పనావిడ కప్పు" అంది. అక్కడ ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో మా ఇద్దరికీ గుర్తు లేదు. నాకు చాలా సిగ్గేసింది. మర్నాడు ఆవిడకి మా కప్పులోనే టీ ఇచ్చాం. ఆవిడ తీసుకోలేదు, "నా కప్పు ఏదమ్మా?" అని అడిగింది. ఎందుకలా అడిగిందో మీ మూడు దృక్పథాల్లో ఏది బాగా చెప్తుందో ఆలోచించి, నాకు జవాబు రాయండి.

మీ తాతయ్య