సహిత విద్య: టీచరు అనే మాట ఎక్కడ జారిపోయింది?

వైకల్యం ఉన్న పిల్లలకు చదువు చెప్పే స్పెషల్ ఎడ్యుకేషన్ పోస్టుల వివాదం మళ్ళీ రాజుకుంది. ఆ పిల్లల కోసం మండలాల్లో నడిచే భవిత కేంద్రాల్లో ఏళ్ల తరబడి ఒప్పందం మీద పనిచేస్తున్న ఐఈఆర్‌పీలు (సహిత విద్య రిసోర్స్ పర్సన్లు) ముందు తమను క్రమబద్ధీకరించాలంటున్నారు. స్పెషల్ డీఈడీ, బీఈడీ చేసి ఎదురుచూస్తున్న యువత ప్రతి పోస్టునూ డీఎస్సీ ద్వారానే నింపాలంటోంది. దివ్యాంగుల హక్కుల చట్టాలు 1995లో ఒకటి, 2016లో ఒకటి వచ్చిన సంగతి తెలిసిందే, వాటి కథ ఇక్కడ మళ్ళీ చెప్పడం లేదు. ఈ తగాదా మూలం వెతకాలంటే చట్టాలను పక్కన పెట్టి ఒక ఖర్చుల పట్టిక చూడాలి.

2001లో మొదలైన సర్వశిక్షా అభియాన్ మార్గదర్శకాల్లో ఉందా పట్టిక. తరగతి గదులకు ఎంత, మరమ్మతులకు ఎంత అని రాసుకుంటూ పోయి, వైకల్యం ఉన్న పిల్లల దగ్గరికి వచ్చేసరికి ‘ఒక్కో బిడ్డకు ఏడాదికి 1,200 రూపాయల దాకా’ అన్నారు. మామూలు పిల్లలకు టీచర్లను లెక్కగట్టింది పోస్టులుగా. ఈ పిల్లలకు మాత్రం ఉపకరణాలు, శిబిరాలతో పాటు చదువు చెప్పే మనిషిని కూడా తలసరి ఖర్చులో కలిపేశారు. ఆ మొత్తం తరువాత 3,000కు, ఆ పథకం స్థానంలో వచ్చిన సమగ్ర శిక్షలో 3,500కు పెరిగింది. పద్ధతి మాత్రం పెద్దగా మారలేదు. ఏటా ఢిల్లీలో ప్రాజెక్టు ఆమోద మండలి సంతకం పడితేనే మండలంలో పని సాగుతుంది. అలాంటి డబ్బుతో శాశ్వత పోస్టు ఎవరు పుట్టిస్తారు? అందుకే ఆ మనిషికి ‘టీచరు’ అని కాకుండా ‘రిసోర్స్ పర్సన్’ అని పేరు పెట్టారు. జీతం బదులు గౌరవ వేతనం అన్నారు. ఈ తగాదాలో మిగిలిందంతా ఆ పేరు వెంట వచ్చిందే.

ఆ రిసోర్స్ పర్సన్ చేసే పనేమిటో చూస్తే పేరు ఎంత పొసగదో తెలుస్తుంది. భవిత కేంద్రానికి వచ్చిన పిల్లలకు పాఠం చెప్పాలి, చెంచా పట్టుకోవడం, బొత్తాలు పెట్టుకోవడం నేర్పాలి. ఫిజియోథెరపీ రోజున పిల్లలను కూడగట్టాలి. మంచం దిగలేని పిల్లల ఇళ్లకు స్వయంగా వెళ్లాలి. మండలంలోని బడులన్నీ తిరిగి ఎవరికి వినికిడి యంత్రం కావాలో, ఎవరికి చక్రాల కుర్చీ కావాలో నమోదు చేయాలి. వైకల్య ధ్రువపత్రాల కోసం పెట్టే సదరం శిబిరం ఎప్పుడో తల్లిదండ్రులకు చెప్పేదీ చాలా ఊళ్లలో వీళ్లే.

చదువుకున్నవాళ్లు దొరకలేదన్న సాకు తెలుగు నేల మీద చెల్లదు. స్పెషల్ టీచర్లకు శిక్షణ ఇచ్చే మానసిక వికలాంగుల జాతీయ సంస్థ (ఇప్పుడు పేరు మారింది) 1984 నుంచి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోనే ఉంది. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దూరవిద్యలో స్పెషల్ బీఈడీ చెప్పింది. 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం ప్రకారం ఈ పని చేసేవారు కేంద్ర పునరావాస రిజిస్టర్‌లో పేరు నమోదు చేసుకోవాలి. నమోదు లేకుండా వృత్తి చేస్తే ఏడాది వరకు జైలు లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఎంత కట్టుదిట్టమైన అర్హతో చూడండి. కానీ ఆ మండలి సామాజిక న్యాయ శాఖ కింద, బడులు విద్యాశాఖ కింద. ఒక శాఖ డిగ్రీ ఇస్తుంది, రెండో శాఖ దగ్గర ఆ డిగ్రీకి ఏళ్ల తరబడి పోస్టు లేకపోయింది.

2009 విద్యా హక్కు చట్టం దీన్ని సరిదిద్దాల్సింది. దాని షెడ్యూలులో వంద మంది దాటిన ప్రాథమికోన్నత బడికి చిత్రకళ, ఆరోగ్య వ్యాయామ విద్య, పని విద్య బోధకులు ఉండాలని రాశారు, పార్ట్‌టైమే అనుకోండి. స్పెషల్ టీచరు ప్రస్తావనే లేదు. ఆ లోటు పూడింది 2022 సెప్టెంబరులో. ప్రాథమిక స్థాయిలో పది మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, ఆపై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు అని కేంద్రం షెడ్యూలు మార్చింది. అదీ తనంతట తాను చేసింది కాదు. రజనీష్ కుమార్ పాండే కేసులో 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆదేశించాక చేసింది.

అదే కేసులో 2025 మార్చి 7న కోర్టు ఇంకో అడుగు వేసింది. ప్రతి రాష్ట్రం పోస్టుల సంఖ్య ప్రకటించాలని, ఏళ్లుగా ఒప్పందం మీద ఉన్నవారి అర్హతలను ముగ్గురు సభ్యుల స్క్రీనింగ్ కమిటీ పరిశీలించాలని చెప్పింది. ఆంధ్రప్రదేశ్ 2,260 పోస్టులు మంజూరు చేసింది: 1,136 ఎస్‌జీటీ (ప్రాథమిక తరగతులకు), 1,124 స్కూల్ అసిస్టెంట్ (ఆపై తరగతులకు). తెలంగాణ అంతకుముందే, 2024 డీఎస్సీలోని 11,062 పోస్టుల్లో స్పెషల్ ఎడ్యుకేషన్‌కు 220 స్కూల్ అసిస్టెంట్, 796 ఎస్‌జీటీ పోస్టులు చూపింది. అయినా ఆ ఏడాది డిసెంబరులో అక్కడి సమగ్ర శిక్ష ఒప్పంద ఉద్యోగులు క్రమబద్ధీకరణ కోరుతూ సమ్మెకు దిగారు.

కొత్త పట్టభద్రుల వాదనలోనూ బలముంది. పోటీ పరీక్ష లేకుండా పోస్టులు నిండితే తమకు మిగిలేదేమిటని వారు అడుగుతున్నారు. 2024 జనవరిలో పునరావాస మండలి రెండేళ్ల స్పెషల్ బీఈడీకి బదులు నాలుగేళ్ల కోర్సు వైపు మళ్లుతున్నట్టు ప్రకటించడం వారి కలవరాన్ని పెంచింది. అయితే ఐఈఆర్‌పీలు వెనక దారిన వచ్చినవారేమీ కాదు, వాళ్లు చేరేనాటికి ముందు దారి అనేదే లేదు.

ఈ లోపు పోస్టు బదులు పేరుతో సరిపెట్టే పాత అలవాటు కొత్త కోర్సులోకీ పాకింది. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంతో కలిసి పునరావాస మండలి 2021 మేలో ఊళ్లలో దివ్యాంగులకు తోడుండే కార్యకర్తల కోసం ఆరు నెలల శిక్షణ మొదలుపెట్టింది. ఉత్తీర్ణులకు ‘దివ్యాంగ్ మిత్ర’ అని పేరు. మిత్రులకు పే స్కేలు ఉండదు కదా.

డీఎస్సీ వయోపరిమితి దాటిన ఐఈఆర్‌పీలకు ఇప్పుడు స్క్రీనింగ్ కమిటీ మాటే ఆధారం. అందులో కూర్చునేది విద్యాశాఖ కార్యదర్శి, దివ్యాంగుల కమిషనర్ కార్యాలయ కార్యదర్శి, పునరావాస మండలి ప్రతినిధి. డిగ్రీ ఇచ్చిన శాఖా, పోస్టు ఇవ్వని శాఖా ఒకే బల్ల దగ్గరికి రావాల్సి వచ్చింది.