కిలో నూలు, రెండు కిలోల గ్యాస్

వరంగల్ పక్కన గీసుగొండ, సంగెం మండలాల్లో 2017లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన జరిగింది. మన పత్తి మన దగ్గరే బట్ట కావాలన్నది అప్పటి ఆశ. అయితే ఆ బట్ట కొనే విదేశీ బ్రాండ్లు ఇప్పుడు ధర, నాణ్యతతో ఆగడం లేదు. దీని తయారీకి ఎంత కార్బన్ గాలిలో కలిసిందో లెక్క చెప్పమంటున్నాయి.

లెక్క మరీ కష్టమేం కాదు. కిలో నూలు వడకడానికి, సన్నదనాన్ని బట్టి, మూడు నాలుగు యూనిట్ల కరెంటు పడుతుంది. మన గ్రిడ్ కరెంటు యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే కిలో నూలుకు రెండు కిలోల పైమాటే. బొగ్గులోని కార్బన్ కాలుతూ గాలిలోని ఆక్సిజన్‌ను కలుపుకుంటుంది కదా, 12 గ్రాముల కార్బన్ 44 గ్రాముల గ్యాస్‌గా బయటికి పోతుంది.

ఆ గ్యాస్ మిల్లు దగ్గర కాక రామగుండంలోనో, చెల్పూరులోనో బొగ్గు కరెంటు ప్లాంటు గొట్టంలోంచి పోతుంది. అయినా మిల్లు లెక్కలోనే పడుతుంది. ఈ లెక్కలో మూడు ఖాతాలుంటాయి: సొంత బాయిలర్ మొదటి ఖాతా, కొన్న కరెంటు రెండోది, చేను నుంచి ఓడ దాకా మిగిలినదంతా మూడోది. పెద్ద బ్రాండ్‌కు మన మిల్లే మూడో ఖాతా. అందుకే ఈ ఆరా.

మిల్లు మూడో ఖాతాలో పత్తి రైతు కూడా ఉన్నాడు. 45 కిలోల యూరియా బస్తాలో దాదాపు 21 కిలోల నత్రజని ఉంటుంది. చేనులో వేసిన నత్రజనిలో సుమారు ఒక శాతం నైట్రస్ ఆక్సైడ్‌గా మారుతుందని అంచనా. ఈ వాయువు కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 273 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. నత్రజనితో కలిసే ఆక్సిజన్ బరువూ చేర్చి గుణిస్తే బస్తాకు దాదాపు 90 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం! అవసరానికి మించి వేసిన బస్తా రైతు జేబుకూ బరువే.

ఐరోపా 2026 జనవరి నుంచి దిగుమతులపై కార్బన్ సుంకం మొదలుపెట్టింది. ఉక్కు, సిమెంటు, అల్యూమినియం, ఎరువుల వంటివి అందులో ఉన్నాయి, బట్ట లేదు. కాబట్టి మనకెందుకులే అనుకోవడం తెలివైన పని కాదనిపిస్తుంది. సుంకం పడకపోయినా ఆర్డరు తప్పిపోవచ్చు.

నష్టం ఇంకో వైపు నుంచి కూడా వస్తోంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు, కురిస్తే కుండపోతే. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 65 సెంటీమీటర్ల వాన పడింది. ఒక్క వానను పట్టుకుని ఇదంతా భూతాపమే అనలేం. కానీ ఇలాంటివి పెరిగితే దెబ్బ తగిలేది వ్యాపారానికే. కల్లంలో ఆరబోసిన మిర్చి అకాల వానకు తడిసి రంగు మారితే ఎనుమాముల మార్కెట్‌లో ధర ఎంత పడిపోతుందో రైతునడిగితే చెబుతాడు.

మరి బొగ్గు మానేద్దామా? గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లి బతుకంతా సింగరేణి మీదే నడుస్తోంది, ఆ మాట అనడం సులువు కాదు. రామగుండం ఎన్టీపీసీ తన రిజర్వాయర్ నీటి మీదే 100 మెగావాట్ల సోలార్ పలకలు తేలేసింది. పక్కనే ఉన్న పాత బొగ్గు ప్లాంటు 2,600 మెగావాట్లు. పైగా స్పిన్నింగ్ మిల్లు మూడు షిఫ్టులూ తిరగాలి. రాత్రి షిఫ్టుకు సోలార్ అందాలంటే కరెంటును నిల్వ చేసే బ్యాటరీలో, పంప్డ్ స్టోరేజీయో (నీటిని పైకి తోడిపెట్టి, కావాల్సినప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే పద్ధతి) కావాలి. ఆ ఖర్చు పెద్ద కంపెనీ భరించగలదు, పత్తి నుంచి గింజలు వేరుచేసే చిన్న జిన్నింగ్ మిల్లు మాత్రం బ్యాంకు అప్పు లేనిదే కదలలేదు.